వరి వేరు అడ్డుకోతల ఫొటోల్లో గాలి గదుల కొలత: సాఫ్ట్‌వేర్ లెక్కకూ చేతి లెక్కకూ ఇంత తేడా ఎందుకు?

వరివేరు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను వృక్షశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. ఎప్పుడూ నీరు నిలిపి ఉంచిన మడిలో పెరిగిన వరికీ, ఆరుతడి పద్ధతిలో పెరిగిన వరికీ వేరు లోపలి నిర్మాణంలో ఎంత తేడా వస్తుందో చూడడం నా సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయం. బి.పి.టి. 5204, ఎం.టి.యు. 1010 అనే రెండు రకాలు తీసుకున్నాను. ఒక్కొక్క రకానికి రెండు నీటి పద్ధతులు, పద్ధతికి నాలుగు మడులు, మడికి మూడు మొక్కలు, మొక్కకు నాలుగు అబ్బురపు వేళ్ళు (కాండం మొదట్లోంచి పుట్టేవి), వేరుకు రెండు చోట్ల కోతలు చొప్పున మొత్తం 384 అడ్డుకోతల ఫొటోలు నా దగ్గర ఉన్నాయి.

పిలకలు తొడిగే దశలో మట్టి గడ్డతో సహా మొక్కలను పెకలించి, వేళ్ళను కడిగి, ఎఫ్.ఎ.ఎ. (ఫార్మలిన్, ఎసిటిక్ ఆమ్లం, ఆల్కహాల్) ద్రావణంలో భద్రపరిచాను. క్యారట్ ముక్కను మధ్యకు చీల్చి అందులో వేరును ఇరికించి, బ్లేడుతో చేతికోతలు తీసి, టొలుయిడిన్ బ్లూ రంగు వేసి, నీటిలోనే మౌంట్ చేసి, 10 రెట్ల ఆబ్జెక్టివ్ కింద మైక్రోస్కోప్ కెమెరాతో ఫొటోలు తీశాను. నాకు కావలసినది ప్రధానంగా ఒక్కటే: వల్కలం వైశాల్యంలో ఏరెంకైమా, అంటే కణాలు నశించి ఏర్పడిన గాలి గదులు, ఎంత శాతం ఆక్రమించాయి అన్నది.

ఫిజీ అనే చిత్ర విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి ఫొటోకూ వేరు అంచునూ, నడుమ నీటి నాళాలుండే ప్రసరణ స్తంభం అంచునూ చేతితో గీసి, రెండింటి మధ్య భాగాన్ని వల్కలంగా తీసుకొని, ఓట్సు పద్ధతిలో త్రెషోల్డ్ (తెలుపునూ నలుపునూ విడదీసే వెలుగు హద్దు) పెట్టి, 100 చదరపు మైక్రోమీటర్ల కంటే పెద్దదైన ప్రతి తెల్ల మచ్చనూ గాలి గదిగా లెక్కించే మాక్రో (తనంతట నడిచే ఆదేశాల వరుస) ఒకటి సీనియర్ల సాయంతో రాయించుకున్నాను. అది బాగానే నడుస్తోంది, 384 ఫొటోలకూ అంకెలు ఇచ్చింది. అయితే సరిచూద్దామని 20 ఫొటోల్లో గాలి గదులను నేనే మౌస్‌తో గీసి కొలిచినప్పుడు, నీరు నిలిచిన మడుల వేళ్ళలో సుమారు 40 శాతం, ఆరుతడి వేళ్ళలో సుమారు 25 శాతం వచ్చింది. అవే ఫొటోలకు మాక్రో రెండు పద్ధతుల్లోనూ 45 శాతం చుట్టుపక్కలే చూపించింది. అంటే కంటికి స్పష్టంగా కనిపిస్తున్న తేడా సాఫ్ట్‌వేర్ చేతిలో మాయమైపోతోంది.

ఓట్సు బదులు మరో త్రెషోల్డ్ పద్ధతి వాడితే సరిపోతుందా? లేక డీప్ లెర్నింగ్ (ఉదాహరణలు చూపి కంప్యూటరుకు శిక్షణ ఇచ్చే పద్ధతి) వైపు వెళ్ళక తప్పదా? నాకు ప్రోగ్రామింగ్ రాదన్న సంగతి దృష్టిలో పెట్టుకొని సలహా ఇవ్వగలరని ప్రార్థన. నమూనాగా రెండు ఫొటోలు జతచేశాను. మొదటిది నీరు నిలిచిన మడిది, రెండవది ఆరుతడిది.

బెండుముక్క

వరివేరు గారూ, మీ రెండు ఫొటోలనూ పెద్దవి చేసి చూశాను. నాకు కంప్యూటరు పరిజ్ఞానం అంతంతమాత్రమే కానీ, అడ్డుకోతలు కోయించడంలోనే నా ఉద్యోగ జీవితం గడిచింది కనుక ఆ వైపు నుంచి చెబుతాను. సమస్యలో సగానికి పైగా త్రెషోల్డ్ దగ్గర కాక స్లైడు దగ్గరే పుట్టిందని నా అభిప్రాయం.

ముందు రెండవ ఫొటో చూడండి. వల్కలంలో బతికి ఉన్న మృదుకణాలు వరుసలుగా చక్కగా కనిపిస్తున్నాయి. టొలుయిడిన్ బ్లూ కణకవచానికి పట్టింది, కణం లోపలి భాగానికి దాదాపు పట్టలేదు. కాబట్టి బతికిన కణం లోపలా తెలుపే, కణం నశించి ఏర్పడిన గాలి గదిలోనూ తెలుపే. ఓట్సు పద్ధతి చేసేదల్లా వెలుగు స్థాయిల పట్టికను రెండు గుంపులుగా విడదీసే గీత ఒకటి వెతకడం. ఆ తెలుపు వెనుక కణం ఉందో గాలి ఉందో దానికి తెలిసే అవకాశం లేదు. మీరు పెట్టిన 100 చదరపు మైక్రోమీటర్ల హద్దు కూడా మరీ చిన్నది. 12 మైక్రోమీటర్ల వ్యాసం ఉన్న గుండ్రని కణం కూడా దాన్ని దాటిపోతుంది, మీ ఫొటోలోని స్కేలు గీతతో పోల్చి చూస్తే వల్కలం మధ్య వరుసల కణాలు అంతకంటే చాలా పెద్దవి. అందువల్ల ఆరుతడి వేళ్ళలో బతికిన కణాలన్నీ గాలి ఖాతాలో పడ్డాయి, 25 కాస్తా 45 అయింది.

ఇక మొదటి ఫొటోలో వల్కలం కుడివైపున గాలి గదుల్లో నల్లటి మందపాటి అంచుతో, మధ్యలో మెరిసే చుక్కతో గుండ్రని ఆకారాలు మూడు కనిపిస్తున్నాయి కదా, అవి గాలి బుడగలు. నీటిలో మౌంట్ చేసినప్పుడు గాలి గదిలో గాలి అలాగే చిక్కుకుపోతే, నీటికీ గాలికీ వక్రీభవనంలో ఉన్న తేడా వల్ల బుడగ అంచు నల్లగా కనిపిస్తుంది. నిజమైన గాలి ఉన్న చోటును మీ మాక్రో నలుపుగా చూసి కణకవచంగా లెక్కించింది. అంటే నీరు నిలిచిన వేళ్ళలో బతికిన కణాలు కొన్ని కలిసి లెక్క పెరుగుతోంది, బుడగలు తీసివేయబడి లెక్క తరుగుతోంది, చివరికి అంకె చేతి లెక్కకు కాస్త దగ్గరగా తేలుతోంది. ఆరుతడి వేళ్ళలో గదులే తక్కువ కనుక బుడగలూ తక్కువ, పెరుగుదల ఒక్కటే మిగులుతోంది. రెండు పద్ధతుల్లోనూ ఒకే తీరు తప్పు జరిగి ఉంటే కనీసం తేడా అయినా నిలిచేది. ఇక్కడ తప్పు కూడా నీటి పద్ధతిని బట్టి మారుతోంది కాబట్టి, ఫొటోల సంఖ్య ఎంత పెంచినా ఇది సర్దుకోదు.

ఒక చిన్న ప్రశ్న అడుగుతాను: ఎఫ్.ఎ.ఎ. సీసాలో మీ వేళ్ళు మునిగి ఉన్నాయా, పైకి తేలుతున్నాయా? తేలుతూ ఉంటే లోపల గాలి ఇంకా ఉన్నట్టే. కోయడానికి ముందు వాటిని 70 శాతం ఆల్కహాల్‌లో వేసి, వాక్యూమ్ పంపు కింద కొద్దిసేపు ఉంచి మెల్లగా గాలిని వదిలితే వేళ్ళు అడుగుకు దిగుతాయి. పంపు లేకపోతే సూది తీసేసిన పెద్ద సిరంజిలో ద్రావణంతో పాటు వేరు ముక్కను వేసి, ముక్కును వేలితో మూసి ముషలకాన్ని వెనక్కి లాగినా వేరు కోసిన చివర నుంచి బుడగలు వరుసగా రావడం కంటితో చూడవచ్చు. నాలుగైదు సార్లు అలా చేస్తే చాలు.

చేతికోతలో మరో చిక్కు చిరుగులు. ఏరెంకైమా ఎక్కువైన వేరు బ్లేడు ఒత్తిడికి నలిగి చిరుగుతుంది, ఆ చిరుగు కూడా తెల్లగానే ఉంటుంది. వరిలో గాలి గదులు కణాలు నశించడం వల్ల ఏర్పడతాయి కనుక, గదికీ గదికీ మధ్య నలిగిపోయిన కణకవచాల పోగులు వ్యాసార్థం వెంట, బండి చక్రపు ఆకుల్లా మిగిలి ఉంటాయి. చిరుగు అలా ఉండదు. దాని అంచున తెగిన కణకవచాలు విప్పుకొని బయటికి లేచి ఉంటాయి, తరచుగా పైనున్న దృఢకణాల పొర, బాహ్యచర్మం కూడా అక్కడే చీలి ఉంటాయి. చిరిగిన కోతను ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు కనుక దాన్ని పక్కన పెట్టి ఇంకోటి కోయడమే మేలు. వీలుంటే వేరు ముక్కను 4 లేదా 5 శాతం అగరోజ్ జెల్‌లో పోసి వైబ్రటోమ్‌తో (కంపించే బ్లేడుతో పలుచగా కోసే యంత్రం) కోయండి.

వేరుకు రెండు చోట్ల కోశానన్నారు, అవి కొన నుంచి కొలిచారా, మొదలు నుంచి కొలిచారా చెప్పలేదు. వరిలో వేరు కొన దగ్గర ఏరెంకైమా తక్కువగా ఉండి మొదలు వైపుకు పోయేకొద్దీ పెరుగుతుంది. దమ్ము చేసిన మడిలోంచి పెకలించిన వేళ్ళలో చాలావాటికి కొన తెగిపోయి ఉంటుంది కనుక, అలాంటి వేళ్ళకు ‘కొన నుంచి ఇన్ని సెంటీమీటర్లు’ అన్న మాటకు అర్థం ఉండదు. ఇది సాఫ్ట్‌వేర్ విషయం కాదు కానీ, దీన్ని పట్టించుకోకపోతే తరువాత ఎంత కచ్చితంగా కొలిచినా ప్రయోజనం ఉండదు.

పిక్సెల్‌పంతులు

బెండుముక్క గారు చెప్పిన దానిలో నేను మార్చవలసింది ఏమీ లేదు. చిత్ర విశ్లేషణ వైపు నుంచి మిగిలిన భాగం రాస్తాను. కాస్త పొడవుగా ఉంటుంది, ఓపిక పట్టండి.

త్రెషోల్డ్ పద్ధతి మార్చడం గురించి అడిగారు. ఓట్సు గారు 1979లో ప్రచురించిన ఆ పద్ధతి బదులు ఫిజీలో ఇంకా డజనుకు పైగా పద్ధతులు ఉన్నాయి. అవన్నీ వెలుగు స్థాయిని బట్టే నిర్ణయిస్తాయి కాబట్టి, ఒకే వెలుగు స్థాయి ఉన్న రెండు వేర్వేరు వస్తువులను విడదీయడం వాటిలో దేనికీ సాధ్యం కాదు. ఆ దారి అక్కడితో వదిలేయండి.

తరువాత చాలామంది సూచించేది ఇలాస్టిక్ అనే సాఫ్ట్‌వేర్. అది ఉచితం, ప్రోగ్రామింగ్ అక్కరలేదు. ఫొటో మీద రంగు గీతలు గీసి ఇది కణకవచం, ఇది ఖాళీ అని చూపిస్తే ర్యాండమ్ ఫారెస్ట్ (అనేక నిర్ణయ వృక్షాల ఓట్లతో తేల్చే) పద్ధతిలో మిగతా పిక్సెళ్ళను వర్గీకరిస్తుంది. కణకవచాన్ని, గాలి బుడగ నల్ల అంచును, నేపథ్యాన్ని విడదీయడానికి అది బాగా పనికివస్తుంది. కానీ బతికిన కణాన్నీ గాలి గదినీ దానితో నేరుగా విడదీయాలని చూస్తే నిరాశే మిగులుతుంది, ఎందుకంటే ప్రతి పిక్సెల్ చుట్టూ కొద్ది దూరం వరకే అది చూస్తుంది. పెద్ద గాలి గది నడిమధ్య పిక్సెల్‌కు చుట్టూ ఉన్నదంతా తెలుపే, పెద్ద కణం మధ్య పిక్సెల్‌కూ అంతే. మొదట పిక్సెళ్ళను వర్గీకరించి, ఆ తరువాత తెల్ల మచ్చలను ఒక్కొక్క వస్తువుగా తీసుకొని వాటి వైశాల్యం, గుండ్రదనం బట్టి రెండవ దశలో వర్గీకరిస్తే ఫలితం మెరుగుపడుతుంది. అప్పుడు కూడా లేత రంగు పట్టిన కణకవచంలో రెండు మూడు పిక్సెళ్ళ సందు ఉంటే చాలు, పక్కపక్కనున్న ఆరు కణాలు ఒకటై గాలి గది వేషం వేస్తాయి.

మీ పనికి నేను సూచించే పద్ధతి దీనికి తలకిందులుగా ఉంటుంది. గాలి గదులను వెతకడం మానేసి, బతికిన కణాలను వెతికించండి. గాలి గదికి నిర్దిష్టమైన ఆకారం లేదు, పరిమాణం లేదు. ఒకటి మూడు కణాలంత ఉంటే, దాని పక్కది వల్కలంలో ఆరోవంతు ఆక్రమిస్తుంది. అలాంటి వస్తువును గుర్తించడం శిక్షణ పొందిన ఏ కంప్యూటరు నమూనాకైనా (మోడల్‌కైనా) కష్టమే. వల్కలంలో బతికి ఉన్న కణాలు మాత్రం దాదాపు గుండ్రంగా, ఒకదానికొకటి పోలికగా ఉంటాయి, వాటిని పట్టుకోవడంలో సెల్‌పోజ్ అనే డీప్ లెర్నింగ్ సాఫ్ట్‌వేర్ దిట్ట. 2022లో వచ్చిన దాని రెండవ రూపంలో, మనం దిద్దిన కణాలతోనే నమూనాకు మళ్ళీ శిక్షణ ఇచ్చే సదుపాయం తెర మీదే ఉంది. అయిదు వందల నుంచి వెయ్యి కణాలు దిద్దితే కొత్త రకం చిత్రాలకు నమూనా బాగా అలవాటు పడుతుందని దాన్ని తయారుచేసినవారు చూపించారు. మీ ఆరుతడి ఫొటో ఒక్కదానిలోనే వందల కణాలు కనిపిస్తున్నాయి కనుక, రెండు పద్ధతుల నుంచీ ఏరిన ఆరేడు ఫొటోలు దిద్దితే సరిపోవచ్చు. గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటరు మీద కూడా నడుస్తుంది, కాకపోతే నిదానంగా. ఇన్‌స్టాల్ చేయడానికి ఒక పూట మీ కంప్యూటరు సైన్సు మిత్రులెవరినైనా పక్కన కూర్చోబెట్టుకోండి.

కణాలు దొరికాక, ప్రతి కణం మాస్కును (సాఫ్ట్‌వేర్ గుర్తించిన కణం ఆకారాన్ని) కణకవచం మందంలో సగం మేర బయటికి పెంచండి, లేకపోతే కణాల మధ్య గోడలన్నీ మిగులులోకి వచ్చి చేరతాయి. మీరు ఇప్పటికే చేతితో గీసిన వల్కలం హద్దులోంచి ఈ కణాలను తీసివేయగా మిగిలినదే మీ గాలి గది. మిగులులో కణాల మూలల దగ్గరుండే సన్నని సందులు కూడా ఉంటాయి. వాటిని తొలగించడానికి హద్దును చదరపు మైక్రోమీటర్లలో పెట్టకుండా, అదే ఫొటోలోని కణాల వైశాల్యాల మధ్యగతంతో ముడిపెట్టండి, ఉదాహరణకు అందులో సగం కంటే చిన్నదాన్ని లెక్కలోకి తీసుకోకూడదని. అలా చేస్తే సన్న వేరు, లావు వేరు అన్న తేడా హద్దును పాడుచేయదు. దీని వల్ల అప్పుడే ఒకే ఒక్క చిన్న కణం నశించిన చోట్లు కొన్ని తప్పిపోతాయి. ఆ సంగతి గ్రంథంలో ఒక వాక్యంగా రాస్తే చాలు. ఫిజీలో తెల్ల మచ్చలను విడదీయడానికి ఉండే వాటర్‌షెడ్ ఆదేశాన్ని మాత్రం ఈ దశలో వాడకండి, వంకరటింకర గాలి గదులను అది నడుములు ఉన్న చోటల్లా తెగ్గొట్టి కణాలంత ముక్కలు చేస్తుంది, ఆ తరువాత మీ హద్దు వాటిని పారేస్తుంది.

వ్యాసార్థం వెంట మిగిలే ఆ నలిగిన కణకవచాల పోగులు గాలి గదిలో భాగమా కాదా అన్నది మీరు ముందే తేల్చుకోవాలి. మీరు చేతితో గీసినప్పుడు బహుశా సన్నని పోగులను దాటేసి గీసి ఉంటారు, సాఫ్ట్‌వేర్ దాటదు. ఏది సరి అని నేను చెప్పను, రెండు చోట్లా ఒకే నియమం ఉంటే చాలు.

సరిచూసే పద్ధతి గురించి గట్టిగా చెప్పదలచుకున్నాను, ఎందుకంటే ప్రచురితమైన పత్రాల్లో కూడా ఇక్కడే జారిపోవడం చూస్తుంటాను. శిక్షణకు వాడిన మొక్క నుంచి వచ్చిన మరో ఫొటోను పరీక్షకు వాడకండి. ఒకే మొక్క వేళ్ళు, ఒకే రోజు వేసిన రంగు, ఒకే వెలుతురు కాబట్టి పరీక్ష పేపరు ముందే చూసిన విద్యార్థిలా నమూనా మంచి మార్కులు తెచ్చుకుంటుంది. మొక్కలవారీగా, వీలైతే మడులవారీగా విడదీయండి. పరీక్ష ఫొటోలకు పేర్లు మార్చి, ఏది ఏ పద్ధతిదో తెలియకుండా ఇద్దరు మనుషుల చేత విడివిడిగా గీయించండి. ఆ ఇద్దరి మధ్య తేడా 4 శాతం ఉంటే, సాఫ్ట్‌వేర్ 4 శాతం తేడాతో వచ్చినందుకు దాన్ని నిందించలేం. ఇక పోలికకు సహసంబంధ గుణకం ఒక్కటే చూపించి ఊరుకోకండి, ప్రతి అంకెకూ 15 కలిపినా ఆ గుణకం చెక్కుచెదరదు. గణాంక నిపుణులు బ్లాండ్, ఆల్ట్‌మన్ 1986లో సూచించినట్టు రెండు కొలతల సగటును అడ్డంగా, వాటి తేడాను నిలువుగా పెట్టి గీయండి, రెండు నీటి పద్ధతులకూ రెండు రంగుల చుక్కలు పెట్టండి. బెండుముక్క గారు ఊహించిన తప్పు ఆ పటంలో ఇట్టే కనబడుతుంది.

తయారుగా ఉన్న పనిముట్ల మాట కూడా చెబుతాను. పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంవారు 2012లో మొక్కజొన్న వేళ్ళ కోసం రూట్‌స్కాన్, ఫ్రాన్సులోని మోంపెలియే పరిశోధకులు 2015లో ప్రత్యేకంగా వరి వేరు కోసం ఇమేజ్‌జె (ఫిజీకి మూలమైన సాఫ్ట్‌వేర్) మీద నడిచే ఫివ్-రూట్‌సెల్ ప్రచురించారు. రెండింటిలోనూ మనిషి పక్కన కూర్చొని దిద్దుతూ పోవలసిందే, ‘ఆటోమేటిక్’ అన్న మాటను అక్షరాలా తీసుకోకండి.

గళ్ళకాగితం

నేను కొంచెం అడ్డుపుల్ల వేస్తాను, ఏమీ అనుకోకండి.

384 ఫొటోలకు ఇంత సరంజామా అవసరమా అన్నది నా సందేహం. వైశాల్యంలో వాటా తెలుసుకోవడానికి అంచులు గీయవలసిన పని లేదు. ఫొటో మీద గళ్ళు పరచి, గళ్ళ కూడళ్ళలో ఎన్ని వల్కలంలో పడ్డాయి, వాటిలో ఎన్ని గాలి గదుల్లో పడ్డాయి అని లెక్కపెట్టి భాగిస్తే వాటా వస్తుంది. కోతలో కనిపించే వైశాల్యపు వాటా ఘనపరిమాణపు వాటాకు సమానమని ఫ్రెంచి భూగర్భ శాస్త్రవేత్త డెలెస్ 1847లోనే రాళ్ళ విషయంలో చెప్పారు, కణజాలాలకూ అదే సూత్రం వాడుతున్నారు. ఫిజీలో గళ్ళు పరిచే ఆదేశం ఉంది, మాక్రో కూడా అక్కరలేదు.

కచ్చితత్వం మాట వస్తుందేమో, అంకెల్లోనే చూద్దాం. వల్కలంలో 200 కూడళ్ళు పడి, నిజమైన వాటా 30 శాతం అయితే, కూడళ్ళు యాదృచ్ఛికంగా పడ్డాయనుకున్నా ప్రామాణిక దోషం 3 శాతం పైచిలుకే. క్రమమైన గళ్ళు కనుక వాస్తవంలో అంతకంటే తక్కువే ఉంటుంది. మీకు ఫొటోలే 384 ఉన్నాయి, మడి సగటుకు వచ్చేసరికి ఈ దోషం ఆనవాలు లేకుండా పోతుంది. ఫొటోకు మూడు నిమిషాలు వేసుకున్నా 19 గంటల పని, రోజుకు నాలుగు గంటలు కూర్చుంటే అయిదు రోజులు. బుడగను బుడగగా, చిరుగును చిరుగుగా మీ కన్ను గుర్తిస్తుంది, ఎవరికీ శిక్షణ ఇవ్వనక్కరలేదు. ఫొటోల పేర్లు మార్చి, పద్ధతి తెలియకుండా లెక్కించడం మాత్రం ఇక్కడా తప్పనిసరి.

మరో మాట. 384 ఫొటోలున్నాయి కదా అని గణాంక పరీక్షలో 384 అని వేసేరు. నీటి పద్ధతిని మీరు మార్చింది మడికి, మొక్కకు కాదు, వేరుకు అసలే కాదు. కాబట్టి వరి రకం, నీటి పద్ధతి కలిసిన ఒక్కొక్క జతకు మీ దగ్గరున్న పునరావృతులు నాలుగే. మొక్క, వేరు, కోత అన్నవి దాని లోపలి అంతస్తులు. రాబోయే సీజన్‌లో ఫొటోలు రెట్టింపు చేయడం కంటే మడులు రెండు పెంచడం మేలు.

పిక్సెల్‌పంతులు

గళ్ళకాగితం గారితో ఈ సంఖ్య వరకు నాకు పేచీ లేదు. 384 దగ్గర ఆగేటట్టయితే గళ్ళే లాభం. అయితే పరిశోధక విద్యార్థి ఫొటోలు 384 దగ్గర ఆగడం నేనింతవరకు చూడలేదు. ప్రశ్నకర్త వచ్చే ఏడు మరో నాలుగు రకాలు చేర్చవచ్చు, సమీక్షకుడు కణాల పరిమాణం అడగవచ్చు. కూడళ్ళ లెక్క వాటాను ఇస్తుంది, కణం కణానికీ కొలత ఇవ్వదు. రెండూ కలిపి వాడుకోవచ్చు కూడా: గళ్ళ లెక్కను ప్రమాణంగా పెట్టుకొని, సాఫ్ట్‌వేర్‌ను దానితో సరిచూడండి. అంచులు గీయడం కంటే ఇది త్వరగా అవుతుంది.

వరివేరు

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. ఈ పది రోజుల్లో చేసినదేమిటో రాస్తున్నాను.

బెండుముక్క గారూ, మీరు అడిగిన వెంటనే వెళ్ళి చూస్తే నీరు నిలిచిన మడుల వేళ్ళున్న సీసాల్లో దాదాపు అన్నీ తేలుతున్నాయి, ఆరుతడి సీసాల్లో సగం మునిగి ఉన్నాయి. సీసాలు మార్చి మార్చి ఇన్నాళ్ళు చూశాను కానీ, దీనికొక అర్థం ఉందని తోచలేదు. మా ల్యాబ్‌లో వాక్యూమ్ పంపు పనిచేయడం లేదు కనుక సిరంజి ఉపాయమే చేశాను. మొదటిసారి ముషలకాన్ని లాగినప్పుడు వేరు చివర నుంచి పూసల దండలాగా బుడగలు వచ్చాయి. మిగిలి ఉన్న వేరు ముక్కల నుంచి 24 కొత్త కోతలు తీశాను, వాటిలో ఒక్కదానిలో తప్ప బుడగలు లేవు. కోతల దూరాన్ని మొదలు నుంచే కొలిచాను, 2 సెంటీమీటర్లు, 6 సెంటీమీటర్లు. కొన తెగిన వేళ్ళు చాలా ఉన్నందువల్ల ముందే అలా నిర్ణయించుకోవడం ఇప్పుడు కలిసివచ్చింది.

గళ్ళ పద్ధతిలో పాత ఫొటోలు 60 వరకు లెక్కించాను, మూడు నిమిషాలు కాదు కానీ నాలుగు పడుతోంది. చిరుగులున్నవి 11 పక్కన పెట్టాను. సెల్‌పోజ్ కూడా మిత్రుని సాయంతో ఎక్కించి, ఆరు ఫొటోలు దిద్ది శిక్షణ ఇచ్చాను. ఆరుతడి ఫొటోల్లో బాగా పనిచేస్తోంది. నీరు నిలిచిన ఫొటోల్లో మాత్రం, నలిగిన పోగుల మధ్య ఉన్న చిన్న ఖాళీలను కొన్నిసార్లు కణాలుగా గుర్తిస్తోంది.

ఇంకొక సందేహం. గైడ్ గారు ఇవే ఫొటోల నుంచి అంత్యదారువులోని (వేరు నడుమ నీటిని మోసే కణజాలంలోని) పెద్ద నాళాల వ్యాసాలు కూడా తీసి, నీటి ప్రవాహ సామర్థ్యం అంచనా వేయమంటున్నారు. కొన్ని కోతలు ఏటవాలుగా తెగాయి, వేరు మొత్తం గుండ్రంగా కాక కోడిగుడ్డు ఆకారంలో కనిపిస్తోంది. వాటిని వాడవచ్చా?

పిక్సెల్‌పంతులు

ముందు పోగుల సంగతి. శిక్షణకు తీసుకున్న ఆరు ఫొటోల్లో నీరు నిలిచినవి ఎన్ని? మూడు కంటే తక్కువైతే ఇంకో మూడు చేర్చండి. ఆ తప్పుడు కణాలను తెర మీదే చెరిపివేసి మళ్ళీ శిక్షణ ఇస్తే, అక్కడ కణం లేదన్నది కూడా నమూనా నేర్చుకుంటుంది.

ఏటవాలు కోత విషయంలో వాటాలకు ఒక న్యాయం, వ్యాసాలకు ఒక న్యాయం. 20 డిగ్రీలు వాలితే అడ్డుకోత ఒక దిశలో సుమారు 6 శాతం, 30 డిగ్రీలు వాలితే 15 శాతం సాగుతుంది. వల్కలమూ గాలి గదులూ ఒకే దిశలో ఒకే మేర సాగుతాయి కాబట్టి వాటి నిష్పత్తి ఇంచుమించు మారదు, మీ ఏరెంకైమా శాతాలకు ఆ కోతలను నిరభ్యంతరంగా వాడుకోవచ్చు. నాళం వైశాల్యం నుంచి వ్యాసం తీస్తే మాత్రం ఆ సాగుదల అందులోకి వస్తుంది. నాళానికి దీర్ఘవృత్తాన్ని అమర్చి పొట్టి అక్షాన్ని తీసుకోండి, ఏటవాలు వల్ల సాగేది పొడవు అక్షమే.

సన్నని గొట్టాల్లో ద్రవ ప్రవాహాన్ని చెప్పే హేగన్–పాయిజ్ సూత్రం ప్రకారం ప్రవాహ సామర్థ్యం వ్యాసార్థపు నాలుగో ఘాతంతో మారుతుంది కనుక, వ్యాసంలో 10 శాతం ఎక్కువ కొలిస్తే సామర్థ్యం 46 శాతం ఎక్కువగా వస్తుంది. ఆ 10 శాతం ఎంత సులువుగా దొర్లుతుందో చూడండి: మీ ఫొటోలో ఒక పిక్సెల్ ఒక మైక్రోమీటర్ అనుకుంటే, 40 మైక్రోమీటర్ల నాళానికి అంచును ఇటు రెండు, అటు రెండు పిక్సెళ్ళు బయటికి గీస్తే చాలు. టొలుయిడిన్ బ్లూలో లిగ్నిన్ (గోడను గట్టిపరిచే పదార్థం) ఉన్న నాళపు గోడ పచ్చదనం కలిసిన నీలంగా, మందంగా కనిపిస్తుంది. గీత ఆ గోడ లోపలి అంచున ఉండాలి, మధ్యలో కాదు, బయట అసలే కాదు. ఈ ఒక్క కొలతకు 10 రెట్ల ఆబ్జెక్టివ్ చాలదు, 40 రెట్లలో ప్రసరణ స్తంభం ఒక్కదాన్నే మళ్ళీ ఫొటో తీయండి.

బెండుముక్క

40 రెట్లకు మారినప్పుడు స్టేజ్ మైక్రోమీటర్ (తెలిసిన కొలత గీతలున్న స్లైడు) ఫొటో కొత్తగా తీసుకోవడం మరచిపోకండి. కెమెరా సాఫ్ట్‌వేర్‌లో చిత్రం పరిమాణాన్ని ఎవరైనా సగానికి తగ్గించి ఉంటే పాత స్కేలు పనికిరాదు, పొడవులు సగానికి, వైశాల్యాలు నాలుగో వంతుకు పడిపోతాయి. శాతాల్లో ఆ తప్పు కనబడకుండా తప్పించుకుంటుంది, నాళాల దగ్గర దొరికిపోతుంది. పాత 384 ఫొటోల పరిమాణాలు కూడా ఒకసారి వరుసగా చూసుకోండి, మీ ల్యాబ్‌లో ఆ కెమెరాను వాడేది మీరొక్కరే కాదు కదా.